రంగులు ఆనని సారు

ఈ కింద రాసేదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఒట్టేసి చెప్తున్న. బైబిలు మీద ఒట్టేద్దామనుకున్న గానీ, ఒట్టు పెట్టుకునుడే పాపమని మా అమ్మ చిన్నప్పుడు చెంపలు వాయించి మరీ నేర్పింది. అందుకని కరెంటును కొలిచే నా పాత మల్టీమీటర్ మీద చెయ్యి పెట్టి చెప్తున్న. దాని ముందట నేను ఎన్ని అబద్ధాలు ఆడినా, అది మాత్రం నా ముందట ఒక్కటి ఆడలేదు. నన్ను ఎరిగినోళ్ళు ఈపాటికే నవ్వుతుంటరు. నవ్వనీ. ఎరగనోళ్ళ కోసమే రాస్తున్న.

ఎనభైలు అప్పుడే మొదలైనయి. హన్మకొండలో ఒక ఫాదర్ నడిపే టెక్నికల్ స్కూల్లో నేను ఎలక్ట్రానిక్స్ చెప్పేటోన్ని. అసలు అది రేడియో మెకానిక్ కోర్సు. కొత్తగా దానికి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అని ఒక తోక తగిలించిన్రు. కంప్యూటర్ మాత్రం లేదు. కంప్యూటర్‌ను నేనే ఒక్కసారి చూసిన, అదీ అద్దాల గది బయట చెప్పులు విడిచి నిలబడి. మా దగ్గర ప్రోగ్రాం అంటే నేను బోర్డు మీద రాసుడు, పిల్లలు నోట్సులో దించుకునుడు. అది నడుస్తదో నడవదో ఆ దేవునికే ఎరుక.

క్విజ్ పెట్టుడు నాకు మహా ఇష్టం. రెసిస్టర్ అని ఒక చిన్న ముక్క ఉంటది, జొన్నగింజ కంటే కొంచెం పొడుగు. కరెంటును ఎంత ఆపాల్నో అంత ఆపుతది. ఎంత ఆపుతదో దాని మీద అంకెల్లో రాసి ఉండదు, రంగు పట్టీల్లో ఉంటది. రెడ్ అంటే రెండు, గ్రీన్ అంటే ఐదు, అట్ల. నేను ఒక రెసిస్టర్‌ను పైకి లేపి పట్టుకునేది. ఎవడు ముందు అరిస్తే వానికి మార్కు. క్లాసు చేపల మార్కెట్ లెక్క దద్దరిల్లేది. పక్క గదిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ గోడ మీద కత్తెరతో కొట్టేది. నేను దాన్ని చప్పట్లు అనుకునేది.

ఆ అరుపుల్లో ఎన్నడూ నోరు తెరవని పిలగాడు ఒకడుండె. ములుగు అవతల అడివి పక్క ఊరు. ఇంట్లో అందరూ కూలికి పోయేటోళ్ళు, ఎండాకాలం తునికాకు ఏరేటోళ్ళు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల రేడియో చెడిపోతే బాగుచేసే నాథుడు లేడు, సంచిలో వేసుకొని హన్మకొండ బస్సెక్కాల్సిందే. మనోడు ఈ పని నేర్చుకొని ములుగులో చిన్న డబ్బా కొట్టు పెట్టుకుంటే చాలు, ఇంటిల్లిపాదీ ఒడ్డున పడుతరు. ఫాదర్ వానికి సీటిచ్చి హాస్టల్లో మంచం కూడా ఇచ్చిండు. మాట్లాడడు గాబట్టి మందమతి అనుకున్న నేను.

సగం ఏడాది పరీక్షకు హైదరాబాదు నుంచి ఒక పరీక్షాధికారి వచ్చిండు. ఇస్త్రీ నలగని మనిషి. ఆయన బల్లల మధ్య తిరుగుతుంటే మనోని బల్ల మీది నుంచి సన్నగ పొగ లేచింది. పెద్ద విలువ రెసిస్టర్ పెట్టాల్సిన చోట చిన్నది పెట్టిండు, పక్కనున్న ట్రాన్సిస్టర్ అనే ముక్క కాలింది. ఆయన రెండు రెసిస్టర్లు తీసి వాని అరచేతిలో పెట్టిండు.

"ఇందులో రెడ్ పట్టీ ఉన్నది ఏది? గ్రీన్ ఏది?"

వాడు చాలాసేపు చూసిండు. "రెండు ఒక్కతీరుగనే ఉన్నయి సార్."

ఆయన ఫాదర్ వైపు తిరిగిండు. "ఇతనికి రంగులు తెలియవండీ. ఇలాంటివాళ్ళు కరెంటు దగ్గర ఉండకూడదు. అన్‌ఫిట్ అని రాసేస్తాను."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. ఫెయిల్ వేరు, అన్‌ఫిట్ వేరు. ఫెయిలైనోడు ఆరు నెలలకు మళ్ళా పరీక్ష రాసుకోవచ్చు. అన్‌ఫిట్ అని ఒక్కసారి రాస్తే సీటు పోతది, హాస్టల్ మంచం పోతది, మళ్ళా అడిగేటందుకు దారుండదు. మనోనికి ఆ సంగతి ఎరుక. అతుకులు పెట్టే సోల్డరింగ్ ఐరన్ స్విచ్ ఆపి, దాని ముక్కును తడిబట్టతో తుడిచి, స్టాండులో జాగ్రత్తగ పెట్టి, వైరు చుట్ట చుట్టిండు. ఇంకొకరి ఇంట్లో అన్నం తిన్నోడు కంచం కడిగి బోర్లించి పోయినట్టు.

నా నోరు నాకంటే ముందు పుట్టింది. నేను వద్దనుకునేలోపే అనేసింది:

"సార్, నాకు గూడ రంగులు ఆనయి."

గది మొత్తం నా వైపు తిరిగింది.

"మీకా?" అన్నడు పరీక్షాధికారి. "మరి మూడేళ్ళుగా పాఠాలెలా చెబుతున్నారు?"

"మీటర్ పెట్టి కొలుస్త సార్. రంగుతోని నాకేం పని?"

ఆయన పెన్ను మూత పెట్టిండు. "ఫైనల్‌కి నేనే వస్తాను, అప్పుడు చూసి రాస్తాను. ఈలోపు మీరిద్దరూ కళ్ళ డాక్టరు దగ్గర కాగితం తెచ్చుకోండి."

ఆయన జీపెక్కి పోయినంక ఫాదర్ నా భుజం మీద చెయ్యేసిండు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. "ఇంత బాధ లోపల దాచుకున్నావా అబ్బాయ్! రేపట్నుంచి నువ్వు రంగులు చూడకుండా ఎలా పనిచేస్తావో అచ్చం అలాగే ఆ కుర్రాడికి నేర్పు. నేనూ వచ్చి వెనక కూర్చుంటాను."

నా కండ్లు సుబ్బరంగా ఉంటయి. బతుకమ్మలోని పూలన్నిటి రంగులు అవతలి గట్టు మీద నిలబడి చెప్పగల. ఆ పొద్దు తలుపు నేనే మూసుకొని, గొళ్ళెం నేనే పెట్టుకున్న.

మర్నాడు క్లాసులో నోరు తెరిస్తే రంగు వస్తాంది. "ఆ రెడ్ వైర్" అనబోయి దగ్గిన. "బ్లాక్" అనబోయి మళ్ళా దగ్గిన. వెనక బెంచీలో ఫాదర్ జేబులో నుంచి దగ్గు బిళ్ళ తీసి ముందుకు పంపిండు. ముందు బెంచీల తుంటరులు ఇద్దరికి ఇదొక ఆట దొరికింది.

"సార్, నా అంగీ ఏం రంగుది?"

"ఉతకని రంగురా."

క్లాసు నవ్వింది గానీ నా వీపు చెమటతో తడిసింది.

అప్పుడు ఆలోచన మొదలైంది. రంగు పేరెత్తకుండా పాఠమెట్ల చెప్పాలె? నన్ను నేను కాపాడుకునేటందుకే మొదలుపెట్టిన, వేరే గొప్ప ఉద్దేశమేం లేదు. చాయ్ హోటళ్ళ కాడ ఖాళీ అగ్గిపెట్టెలు ఏరి తెమ్మన్న. వాటిని ఒకదాని మీద ఒకటి అంటించి, చిన్న చిన్న సొరుగుల బీరువా చేసినం. ఒక్కో సొరుగు మీద విలువ పెద్దక్షరాలతో రాసినం. ఏ రెసిస్టర్‌నైనా ముందు మీటర్‌తో కొలిచి, ఆ సొరుగులో వెయ్యాలె. కొలవకుండా ఏ ముక్కా బల్ల మీదికి రావద్దు.

వైర్ల దగ్గర ఇరుక్కున్న. ప్లస్ ఏది, మైనస్ ఏది అని ఎట్ల గుర్తు పెట్టాలె? మాట్లాడని పిలగాడు అప్పుడు మొదటిసారి తనంతట తనే నోరు తెరిచిండు.

"సార్, ములుగు బస్సు టాపు మీద సంచులన్నీ ఒక్కతీరుగ ఉంటయి. ఎవలది వాళ్ళు ముళ్ళేసి గుర్తు వెట్టుకుంటరు. మా ఇంటి సంచికి రెండు ముళ్ళు. చీకట్ల దిగినా చేతికి తెలుస్తది."

అంతే. ప్లస్ వైరుకు ఒక ముడి, మైనస్‌కు రెండు. మా క్లాసులో వైరు చూసేటోడు లేడు, వేళ్ళతో తడిమేటోళ్ళే.

క్విజ్ కూడా మార్చిన. రెసిస్టర్లన్నిటికీ నల్ల ఎనామిల్ పెయింటు పూసిన. ఇద్దరిద్దరికీ ఒక అగ్గిపెట్టె. కొలిచి, జవాబు కాగితం మీద రాసియ్యాలె. అరిస్తే మార్కు కట్. జవాబు తప్పైతే ఎక్కడ తప్పినమో చెప్తే సగం మార్కు వెనక్కి వస్తది. మొదటి రోజే అరిచే వీరులంతా బోర్లపడ్డరు.

"సార్, గిదన్యాయం," అన్నడు తుంటరుల్లో పెద్దోడు. "మాకేం ఆనుతలేదు."

"మీటర్ ఉంది గదరా."

"మీటర్ పెట్టాల్నంటే టైం పడ్తది గద సార్."

"వానికి గూడ పడ్తది," అన్న. వాడు వెనక్కి తిరిగి ములుగు పిలగాన్ని చూసి, మీటర్ అందుకున్నడు. ఆ పొద్దు ఎక్కువ మార్కులు ఇద్దరు ఆడపిల్లలకు వచ్చినయి. సగం ఏడాదిగా వాళ్ళు క్లాసులో ఉన్నరనే సంగతే నాకు సరిగ్గ పట్టలేదు. ఆడపిల్ల అరిస్తే బాగుండదని వాళ్ళు అరవలేదు, అరవలేదని నేను అడగలేదు.

ప్రోగ్రామింగ్ క్లాసును బయటికి తీసుకపోయిన. బోర్డు మీద చూసుడు కాదు, ప్రోగ్రాంను కాళ్ళతో నడవాలె. ఒక్కొక్కరికి ఒక చీటీ, చీటీకి ప్రోగ్రాంలోని ఒక లైను. ఇరవై నంబరు చీటీ: సైకిల్ స్టాండు చుట్టూ ఒక రౌండు కొట్టు. ముప్పై నంబరు చీటీ: మళ్ళా ఇరవైకి పో. ఆ ప్రోగ్రాం రాసింది తుంటరుల్లో చిన్నోడే, కాబట్టి వాన్నే నడవమన్న. నడిచిండు, నడిచిండు. మధ్యాహ్నం ఎండ మాడుస్తాంది.

"సార్, బయటికి ఎట్ల రావాలె?"

"బయటికొచ్చే లైను నువ్వు రాయలేదు బిడ్డా. నడువు."

అందరూ కడుపుబ్బ నవ్విన్రు. నేను మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయిన. నా అబద్ధానికి కూడా నేను ఆ లైను రాసుకోలేదు.

అక్కడితో అయిపోతే ఫికర్ లేకపోవు. ఫాదర్ దయగల మనిషి. మాది వేరే చర్చి అయినా సరే, బజార్లో మా పాస్టర్ అయ్యగారు కలిస్తే నా కండ్ల గురించి కన్నీళ్ళతో చెప్పిండు. ఆదివారం ఆరాధన మధ్యలో అయ్యగారు నన్ను ముందుకు పిలిచిండు. నా కండ్ల మీద చేతులు పెట్టి, సంఘమంతా లేచి నిలబడి ప్రార్థన. మా అమ్మ ముందు వరుసలో కొంగు నెత్తి మీద కప్పుకొని, కండ్లు మూసుకోకుండా నన్నే చూస్తాంది.

ప్రార్థన అయింది. అయ్యగారు బల్ల మీది కూజాలో నుంచి ఒక గులాబీ తీసి నా ముఖం ముందు పెట్టిండు.

"ఇప్పుడు చెప్పు నాయనా. ఇది ఏ రంగు?"

సంఘం ఊపిరి బిగబట్టింది. ఎరుపు అంటే అద్భుతం జరిగినట్టు. సోమవారం నాటికి ఆ అద్భుతం ఫాదర్ చెవికి చేరుతది, తర్వాత పరీక్షాధికారికి. సారుకు నయమైంది, ఇక పిలగాడు ఒక్కడే మిగిలిండని అంటరు. తెలియదు అంటే సంఘం విశ్వాసానికి దెబ్బ.

"వాసన మాత్రం మంచిగొస్తాంది అయ్యగారు," అన్న.

ఇంటికి పోతుంటే అమ్మ నాకంటే ముందు ముందు నడిచింది. మలుపు తిరిగినంక ఆగింది.

"చిన్నప్పుడు ఎర్ర పిప్పరమెంటే గావాల్నని బజార్ల పొర్లినవ్. పచ్చది ఇస్తే ఉమ్మేసినవ్. ఇప్పుడు రంగులు ఆనయారా నీకు?"

చెప్పేసిన అంతా. అమ్మ విన్నది. "దేవుని ముందట నిలవెట్టినవ్ గదరా నన్ను," అన్నది. మర్నాడు పొద్దున చూస్తే దండెం మీద నా కోసం చిలకపచ్చ అంగీ, దానికి జతగా వంకాయరంగు ప్యాంటు తీసిపెట్టి ఉంది.

"ఇదేందమ్మా?"

"తొడుక్కో. అబద్ధమాడినోనివి సక్కగ ఆడు. ఆ పిలగాని బతుకు పోవద్దు."

ఆ వేషంతో నెలల తరబడి తిరిగిన. హన్మకొండ చౌరస్తాలో నన్ను చూసి రిక్షావాళ్ళు పక్కకు జరిగేటోళ్ళు.

ఎంత సాగదీసినా కండ్ల డాక్టరు రోజు రానే వచ్చింది. నేను, పిలగాడు కలిసి పెద్దదవాఖానకు పోయినం. డాక్టరు వయసు మళ్ళిన మనిషి, అద్దాలు ముక్కు కొసన. ఒక లావాటి పుస్తకం తీసిండు. పేజీ నిండ రంగు రంగుల చుక్కలు, వాటి మధ్యలో అంకె. పిలగాన్ని ముందు కూర్చోబెట్టిండు. వాడు మొదటి పేజీ చదివిండు. తర్వాత రెండు పేజీల్లో ఏదో అంకె చెప్పిండు, అది కాదు. ఆ తర్వాత "ఏం లేదు సార్" అనుకుంట పోయిండు.

ఇక నా వంతు. రాత్రంతా ప్లాను వేసుకున్న. ఏ పేజీ చూపించినా ఏం లేదంటే సరి.

మొదటి పేజీ. "ఏం లేదు డాక్టర్‌సాబ్."

ఆయన అద్దాలు పైకి జరుపుకున్నడు. "జర మళ్ళొకసారి చూడు మాస్టర్‌సాబ్."

"ఏం లేదు సార్. చుక్కలే."

డాక్టరు పుస్తకం మూసి మెల్లగా నవ్విండు. "ఈ పేజీ రంగులు తెలవనోళ్ళకు గూడ ఆనుతది. అందుకే అది మొదట పెడ్తరు. ఇది ఆనకపోతే నువ్వు నా కుర్చీ దాకా నడిచి రాకపోదువు. ఈ దొంగాట ఎందుకు నీకు? మందికి నౌకరీ గావాలని అన్నీ ఆనుతయంటరు. నౌకరీ ఉన్నోనివి, ఆనయంటవు!"

రెండు కాగితాలు రాసిచ్చిండు, ఇద్దరివీ నిజాలే. ఎంత బతిమాలినా కలం తిప్పలేదు.

బయట మెట్ల మీద పిలగాడు అడిగిండు. "సార్, మీకు ఆనుతయా?"

"ఆనుతయి."

"అన్నీ?"

"అన్నీ."

వాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసిండు. "మీ అంగీ ప్యాంటు గురించి అందరు నవ్వుతాంటే నిజంగనే పాపం అనుకున్న సార్." మెట్లు దిగుకుంట, "పోయి ఫాదర్‌కు చెప్పేద్దాం సార్. లేకుంటే నేను పాసైనా మీ అబద్ధం మీద పాసైనట్టుంటది," అన్నడు.

ఫాదర్ రెండు కాగితాలూ చదివి బల్ల మీద పెట్టిండు.

"ఊళ్ళో పాస్టరు గారితో కూడా ప్రార్థన చేయించాను కదయ్యా."

"అవును ఫాదర్."

"నీకు మంచి కళ్ళున్నాయి. ఇన్ని నెలలు ఆ మంచి కళ్ళతో ఇతన్ని చూశావు. పని చేయగలడా, లేడా?"

"చేస్తడు ఫాదర్. నిదానంగ చేస్తడు."

"అయితే ఆ వచ్చే ఆయనకి ఆ నిజం చెప్పు. ఇక నీకు శిక్ష. ఈ కుర్రాడు పాసయ్యేదాకా నీ నోట రంగు పేరు రాకూడదు."

"పాసయ్యేదాకానా?"

"ఎప్పుడు పాసైతే అప్పటిదాకా."

ఫైనల్ పరీక్షకు హైదరాబాదు ఆయన వచ్చిండు. రెండు కాగితాలూ ఆయన చేతిలో పెట్టి, అబద్ధం చెప్పిన సంగతి చెప్పిన. ఆయన ముఖం గంభీరమైంది.

"అప్పుడు అబద్ధం చెప్పారు. ఇప్పుడు నిజం అంటున్నారు. నేను మిమ్మల్నెందుకు నమ్మాలి?"

"నన్ను నమ్మకుండ్రి సార్. వాని బల్ల కాడికి రాండ్రి."

ఆయన వచ్చి కుర్చీ వేసుకొని వాని పక్కనే కూర్చున్నడు. ఆయన తెచ్చిన ట్రేలో నుంచి పిలగాడు ఒక్కొక్క ముక్క తీసి కొలిచి కాగితం మీద విలువ రాసి దాని మీద పెట్టిండు. వైర్లకు ముళ్ళేసిండు. ఆయన కొనవేలితో ఒక ముడిని తట్టి చూసిండు. పక్క బల్లల వాళ్ళు అతుకు పెట్టుడు మొదలైనా వీడు ఇంకా కొలుస్తనే ఉన్నడు. చివరికి రేడియో స్విచ్ వేసిండు. హైదరాబాదు కేంద్రం నుంచి తెలుగు వార్తలు గణగణమని మోగినయి. పరీక్షాధికారి లేచి నిలబడి, తన జేబులో పెన్ను తీసి వానికి బహుమతిచ్చి, చెయ్యి కలిపి, పాస్ అని రాసి పోయిండు.

ఇగ ఇక్కడ మల్టీమీటర్ మీది నుంచి చెయ్యి తీస్తున్న. ఈ చివరి ముక్క నేను కల్పించిన. రేడియో మోగలేదు. రేడియో దాకా రానే లేదు పని. సగం అతుకులు పడ్డయో లేదో, బెల్లు కొట్టిన్రు. ఆయన పెన్ను ఎవరికీ ఇయ్యలేదు, అది మళ్ళా ఆయన జేబులోకే పోయింది. కానీ పోయే ముందు ఆ పెన్ను మా రిజల్టు కాగితం మీద కొంచెంసేపు ఆగింది. ఫాదర్, నేను, పిలగాడు ముగ్గురం ఆ పెన్ను కొసనే చూస్తున్నం. ఆయన ఇంకొకసారి ఆ బల్ల వైపు చూసిండు. వరుసగా పెట్టిన ముక్కల్లో ఒక్కటి తప్పు లేదు, ఒక్కటి కాలలేదు.

ఫెయిల్ అని రాసిండు.

అన్‌ఫిట్ కాదు. ఫెయిల్. అందరి లెక్కనే ఫెయిల్. ముందు బెంచీల తుంటరులు ఇద్దరు కూడా అదే పొద్దు ఫెయిలైన్రు, వాళ్ళ పక్కనే వాని నంబరు. ఫాదర్ ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నడు. ఒక విద్యార్థి ఫెయిలైతే అంత సంబరపడ్డ స్కూలు ఇంకొకటి ఉండదు. సాయంత్రం వాన్ని చౌరస్తాకు తీసుకపోయి మిర్చి బజ్జీలు తినిపించిన. వాడు ఒక బజ్జీ విరిచి, లోపలి మిరపకాయను దీపం కాడికి లేపి పట్టిండు.

"సార్, ఇది పచ్చదా, ఎర్రదా?"

"పాసైనంక చెప్త," అన్న. "తిను."